వ్యాసము దిద్దుట

కళాశాలకు పోవు బిడ్డ సాయంకాలము ఇల్లు చేరి, వ్యాసపుస్తకమును బల్లమీద పడవైచి, ముఖము చిన్నబుచ్చుకొని కూర్చుండుట చూడని తల్లిదండ్రు లరుదు. పుస్తకము తెఱచి చూచిన పుటనిండ ఎఱ్ఱసిరా గీతలు. ఒకచోట వర్ణక్రమదోషము, ఒకచోట వాక్యదోషము, వేఱొకచోట ఇది యెచటినుండి తెచ్చితివను ప్రశ్న, తుదను పదింటికి నాలుగు మార్కులు. బిడ్డ యేమి చెప్పదలచెనో, చెప్పదలచినది నిజమో కాదో, ఆ సంగతిని గూర్చి మాత్రము ఒక్క మాటయు లేదు. మేము విద్యార్థులమై యుండగా అట్టి పుస్తకములను పెద్దలకు చూపక దాచినవారమే. పిమ్మట ఉపాధ్యాయులమై అట్టి గీతలను గీసినవారమే. రెండు పక్షముల అనుభవమును మాకు కలదు. కావున ఈ దిద్దుబాటు ఎచట నెట్లు బలపడినదో, ఏల దారితప్పినదో, దానివలన నిజముగా మేలు పొందినవాడెవడో చరిత్రమునుండి విచారింపదలచితిమి.

తప్పులు దిద్దవలదని మా యభిప్రాయము కాదు. తప్పు చూచియు దిద్దని గురువు శిష్యునకు హితుడు కాడు. అయితే దిద్దుట యను నొక్క మాటలో మూడు వేఱు వేఱు పనులు కలసియున్నవి. మొదటిది, వ్రాసిన దానిని మరల చూచి తలపునే సరిచేసికొనుట. రెండవది, పరులనుండి గైకొన్న దానిని గైకొంటినని యొప్పుకొని ఆధారము చూపుట. మూడవది, వర్ణములను, విరామచిహ్నములను, వాక్యములను చక్కబఱచుట. మూడవది కంటి కగపడును. మొదటి రెండును మనసునకు మాత్రమే యగపడును. కంటి కగపడు పని సులభము గనుక అదియే తక్కిన రెంటిని మ్రింగివేసినది. ఇల్లలుకగానే పండుగ కాదని మన స్త్రీలకు తెలియును గాని, పండితులకు తెలియుటకు చాలకాలము పట్టినది.

నేడు పెక్కు దేశములలో కనబడు కళాశాలా వ్యాసరచనా తరగతికి పుట్టిల్లు అమెరికాలోని హార్వర్డు అని చెప్పవచ్చును. పూర్వమచట విద్యార్థులు వ్రాయుటకంటె మాటలాడుటయే ముఖ్యముగా నేర్చుచుండిరి. అలంకారశాస్త్రమునకును వక్తృత్వమునకును బాయిల్‌స్టను పేరిట నేర్పడిన ఆచార్యపీఠమును 1806లో మొదట నధిష్ఠించిన జాన్ క్విన్సీ ఆడమ్సు పిదప ఆ దేశమునకే అధ్యక్షుడయ్యెను. సభలో నిలిచి ప్రసంగించుటయే ఆనాటి విద్యకు ఫలము. 1819 మొదలు 1851 వఱకు ఆ పీఠమందున్న ఎడ్వర్డు చానింగు కాలమున దృష్టి మెల్లగా నాలుకనుండి కలమునకు మరలెను. ఎమర్సను, థోరో యను ప్రసిద్ధ రచయితలు విద్యార్థిదశలో ఆయన యొద్ద వ్యాసములు వ్రాసి దిద్దించుకొన్నవారే.

1869లో చార్లెసు ఇలియటు అధ్యక్షుడైన పిమ్మట గ్రీకు లాటినుల పెత్తనము తగ్గి దేశభాషకు గౌరవము హెచ్చెను. పత్రికలలో పనిచేసి వచ్చిన ఆడమ్సు షెర్మను హిల్లు 1872లో అచట ఉపాధ్యాయుడుగా చేరెను. 1874 మొదలు ప్రవేశపరీక్షకు వచ్చు బాలుడు షేక్స్పియరు, స్కాటు మొదలగువారి గ్రంథములనుండి యొక విషయమును గైకొని చిన్న వ్యాసము వ్రాయవలసివచ్చెను. వర్ణక్రమము, విరామచిహ్నములు, వ్యాకరణము, పదప్రయోగము, ఈ నాలుగింట తప్పులేకుండుటయే గీటురాయి. 1879లో పరీక్షకు వచ్చినవారిలో ఇంచుమించుగా సగము మంది తప్పిరి. కలవారి యిండ్లలో పుట్టి, మంచి పాఠశాలలలో చదివి, పుట్టినది మొదలు ఇంగ్లీషే మాటలాడినవారు ఇంగ్లీషు వ్రాయుటలో తప్పిరి! దేశమున గగ్గోలు పుట్టెను.

1885లో మొదటి సంవత్సరపు విద్యార్థులకు 'ఇంగ్లీషు ఏ' యను వ్యాసరచనా తరగతి ఏర్పడెను. ఇలియటు తక్కిన విషయములను విద్యార్థి తన యిచ్చవచ్చినట్లు ఏఱుకొనవచ్చునని క్రమముగా స్వేచ్ఛ నిచ్చెను గాని, ఈ యొక్క తరగతినుండి మాత్రము తప్పించుకొను దారి లేదు. 1892లో కళాశాలా పర్యవేక్షకులు నియమించిన ముగ్గురు సభ్యుల సంఘము విద్యార్థుల కాగితములను పరిశీలించి, అక్షరములు దిద్దించు చాకిరి కళాశాల నెత్తిపై బడినదనియు, నేరము క్రింది పాఠశాలలదనియు తీర్పు చెప్పెను. ఆ ముగ్గురిలో ఒక్కరును వ్యాసరచన బోధించు వృత్తిలోనివారు కారు. కళాశాల పాఠశాలను నిందించును. పాఠశాల ఇంటిని నిందించును. ఇల్లు బిడ్డను నిందించును. ఈ నిందాపరంపర మనకును క్రొత్తది కాదు గదా!

ఇచటనే దిద్దుబాటు దారితప్పెను. అందుకు కారణము ఉపాధ్యాయుల దుర్బుద్ధి కాదు, కాగితముల గుట్ట. ఒక్కొక్కరి బల్లమీద వందలకొలది వ్యాసములు. దిద్ది తిరిగి యిచ్చిన పిదప, విద్యార్థులు మరల వ్రాసి తెచ్చినవానిని మరల చూడవలెను. రాత్రి దీపమువద్ద నూఱవ కాగితమును చేతబట్టిన మనుష్యునకు ఆలోచనలోని లోపము కనబడదు. కొమ్ము లేని యక్షరము కనబడును. అందుచే వాక్యమున కెదురుగా అంచున నొక సంకేతాక్షరము వ్రాసి పుట త్రిప్పు పద్ధతి ఏర్పడెను. ఆ సంకేతమును చూచి విద్యార్థి యక్షరమును మార్చును. తలపు మాత్రము ఉన్నచోటనే యుండును. అతడు దానినే తిరిగి వ్రాయుట యనుకొనెను.

ఈ దోషమును కనిపెట్టినవారిలో బారెటు వెండెలు ముఖ్యుడు. 'ఇంగ్లీషు 12' అను పేర ఆయన నడిపిన తరగతిలో చేరుట నిర్బంధము కాదు, ఇచ్చగలవారే చేరుదురు. ప్రతివాడును ప్రతిదినము ఒక చిన్న పుట వ్రాసి తేవలెను. విషయమును గురువు చెప్పడు. ఆ దినమున తాను కన్నది, తనకు తోచినది, దానినే వ్రాయవలెను. మొదటి పదిదినములలో విద్యార్థికి తెలిసినవన్నియు అయిపోవును; పదునొకండవ దినమునుండి అతడు కన్నులు తెఱచి చూడక తీఱదు. లోకమును చూడనేర్వని వానికి వ్రాయనేర్పుట దుర్ఘటమని ఈ పద్ధతి యంతరార్థము. రేపు మరల వ్రాయవలెను గావున నేటి తప్పు ప్రాణాంతకము కాదు.

ఈ రెండు తరగతుల గుణదోషములను ఒక్క మనుష్యుని జీవితమున చూడగలము. 1888లో విలియం డుబాయిస్ అను నల్లజాతి యువకుడు దక్షిణదేశమందలి ఫిస్కు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, హార్వర్డున మూడవ సంవత్సరమున చేరెను. ఆయనకప్పు డిరువది యేండ్లు. బానిసత్వము చట్టరీత్యా రద్దయి ఇరువది మూడేండ్లు గడచినను, దక్షిణమున నల్లవారిని విచారణ లేకయే చంపుటయు, వోటునకు దూరము చేయుటయు సాగుచుండిన కాలమది. అలబామా సెనేటరు మోర్గను నల్లజాతిని దూషించుచు పత్రికలో నొక వ్యాసము ప్రకటించెను. సరిగా నప్పుడే డుబాయిస్ తన మొదటి ఇంగ్లీషు వ్యాసమును సమర్పింపవలసివచ్చెను. కోపము పొంగి పొరలగా ఆయన ఆ సెనేటరునకు సుదీర్ఘముగా బదులు వ్రాసెను. ఆ కాగితము 'ఇ' యను గుర్తుతో తిరిగి వచ్చెను. అనగా తప్పినాడని యర్థము. ఆయన విద్యాభ్యాసమున అట్టి యపజయ మదియే మొదటిది.

ఈ సంగతిని ఆయన ముసలితనమున స్వయముగా చెప్పియున్నాడు. గురువులకు తన జాతి గాయము తెలియదనియు, తెలిసికొను నాసక్తియు లేదనియు ఆయన యెఱుగును. అయినను భాషావిషయమున వారి తీర్పు అన్యాయము కాదని యొప్పుకొనెను. రెండు సత్యములను ఒక్కసారి మనసున నిలుపుకొనుట సామాన్యుల పని కాదు. మనలో ననేకులు గురువు చేసిన యన్యాయమును చూచి ఆయన చెప్పిన న్యాయమును త్రోసివేయుదుము. లేదా ఆయన న్యాయమునకు లొంగి మన గాయమునే మఱచిపోవుదుము. డుబాయిస్ ఈ రెండును చేయలేదు. శ్రమించి ఆ కాలపరిమితి ముగియునప్పటికి 'సి' గుర్తును సంపాదించెను. చెప్పవలసిన విషయమే ప్రధానమనియు, అయినను సరియైన రూపము గల విషయము మఱింత దూరము పోవుననియు గ్రహించెను. పిదప ఎవరి బలవంతమును లేకయే వెండెలుగారి ఇంగ్లీషు 12లో చేరెను. 1890లో అచట వ్రాసిన యొక వ్యాసమున, లోకమునకు తాను చెప్పవలసినది యొకటి కలదనియు, దానిని చక్కగా చెప్పుట నేర్చుటకే ఈ తరగతికి వచ్చితిననియు తెలిపెను. వెండెలు ఆ మాటను మెచ్చి తరగతిలో చదివి వినిపించెను. మొదటి గురువు తప్పును చూపెను. రెండవ గురువు తప్పు వెనుకనున్న మనుష్యుని చూచెను. ఇద్దరి వలనను ఆయన లాభము పొందెను గాని, ఆ లాభమునకు మూలము ఆయనకు చెప్పవలసిన దొకటి యుండుటయే.

ఇక రెండవ పనియగు ఆధారము చూపుట. ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన క్రొత్త విద్య యని కొందఱనుకొందురు. మెదకుసీమ కొల్చారమునకు చెందినవాడని ప్రసిద్ధి గల మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, మూలములేని దేదియు వ్రాయనని ముందుగానే ప్రతిజ్ఞ చేసియున్నాడు. పాశ్చాత్యులలో గిబ్బను 1776లో రోము చరిత్రము మొదటి సంపుటమును ప్రకటించినప్పుడు ఆధారములన్నియు గ్రంథాంతమున నుండెను. పాఠకుడు మాటిమాటికి కట్టకడపటి పుటలకు పోవలసివచ్చుచున్నదని హ్యూము సూచింపగా అవి పుటల యడుగునకు వచ్చినవి. రచయిత పేరును సంవత్సరమును కుండలీకరణముల నడుమ నుంచు పద్ధతి నేడు హార్వర్డు పేరిట ప్రసిద్ధము. దానికి ఎడ్వర్డు మార్కు అను జంతుశాస్త్రజ్ఞుడు గుల్లలేని నత్తను గూర్చి 1881లో ప్రకటించిన వ్యాసము మొదలని చెప్పుదురు. పిమ్మట 1906లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి నియమగ్రంథమును, 1951లో అమెరికా ఆధునికభాషా సంఘమువారి నియమపత్రమును వెలువడెను. అల్పవిరామ మెచట, బిందు వెచట అను జగడము అప్పటినుండి విద్యార్థులను వేధించుచునే యున్నది.

బిందువులను గూర్చిన జగడమున ఆధారము యొక్క ప్రాణము మఱుగుపడరాదు. ఆధారము చూపుటయనగా సాక్షిని పిలుచుట. ఇది డుబాయిస్ గ్రంథములలో స్పష్టము. ఆయన 1895లో హార్వర్డు డాక్టరు పట్టము పొందెను. నల్లజాతివారిలో ఆ పట్టము నచట పొందిన మొదటివా డాయనయే. ఆఫ్రికానుండి అమెరికాకు జరిగిన బానిసల వర్తకమును అణచిన చరిత్రమే ఆయన పరిశోధన. 1896లో అది హార్వర్డు చరిత్రగ్రంథమాలకు మొదటి సంపుటముగా వెలువడెను. ఎనిమిదేండ్లకు పూర్వము ఒక సెనేటరుపై కోపమును కట్టలు త్రెంచుకొననిచ్చిన చేయియే, ఇందు రాజ్యాంగసభల చర్చలను, చట్టములను, పట్టుబడిన యోడల వృత్తాంతములను వరుసగా చేర్చి, అనుబంధములు కట్టి, ఎవడును కాదనలేని యభియోగపత్రమును సిద్ధపఱచినది. కోపము చల్లారలేదు; దానికి సాక్ష్యము దొరకినది.

1935లో ప్రకటించిన 'బ్లాక్ రికన్‌స్ట్రక్షన్' అను మహాగ్రంథమున ఆయన మఱియొక యడుగు ముందునకు వేసెను. అంతర్యుద్ధానంతరము దక్షిణమున నల్లవారు పాలనలో పాల్గొన్న కాలమును పేరుగాంచిన చరిత్రకారులు అవినీతిమయమని వర్ణించుచుండిరి. వారి పుటల యడుగున టిప్పణములకు కొదవలేదు. అయినను విముక్తులైన బానిసల మాటలను, నల్లజాతి శాసనసభ్యుల మాటలను వారు లెక్కలోనికి గైకొనలేదు. డుబాయిస్ కడపటి ప్రకరణమున ఈ లోపమును ఎత్తి చూపెను. అంతియ గాక, తాను చూచిన గ్రంథముల పట్టికను అకారాదిక్రమమున నుంచుటతో తృప్తిపడక, నల్లవారిని మనుష్యులుగా నెంచనివారు, ప్రచారము కొఱకు వ్రాసినవారు, కొంతవఱకు న్యాయముగా వ్రాసినవారు, సానుభూతితో పరిశోధించినవారు అని విభాగించెను. ఎంత మంది సాక్షులను పిలిచితివని మాత్రమే కాదు, ఎవరిని పిలువక మానితివని కూడ అడుగవలెనని ఈ పట్టిక మనకు నేర్పుచున్నది. మన యింటి చరిత్రమును వ్రాయుటకు పురుషులనే యడిగి, వంటయింటిలోని వారిని అడుగకున్న నది యింటి చరిత్ర మెట్లగును?

మూడింటిలో మొదటిదైన పునర్విచారమును కడపట నెత్తికొనుటకు కారణము కలదు. అది యన్నిటికంటె కష్టము. తన తలపును తానే త్రోసిపుచ్చుట కొంత మరణము వంటిది. 1903లో వెలువడి కీర్తి తెచ్చిన 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అను గ్రంథమును ఏబదియేండ్లకు 1953లో మరల అచ్చువేయించునప్పుడు, యూదులను గూర్చి తాను వ్రాసిన కొన్ని మాటలు ఒక జాతిని నొప్పించునవిగా నున్నవని డుబాయిస్ గ్రహించి వానిని మార్చెను. ఇతరులు తన జాతిని దూషించిరని కలము పట్టిన వాడు, తన కలము ఇతరులను దూషించినదా యని యెనుబది దాటిన వయసున వెదకికొనుట చిన్న సంగతి కాదు. మఱుసటి సంవత్సరము బానిసవర్తక చరిత్రమును పునర్ముద్రించునప్పుడు మాత్రము మూలమును మార్పక, చివర నొక విన్నపమును చేర్చి, నాడు ధనబలము యొక్క పనితీరును తాను చాలినంతగా గ్రహింపలేదని యొప్పుకొనెను. ఒకచోట మార్చుట, ఒకచోట మార్పక యొప్పుకొనుట, రెండును దిద్దుబాటులే. ఇట్టి దిద్దుబాటును ఏ గురువును అంచున సంకేతాక్షరము వ్రాసి చేయింపజాలడు.

ఇక మన దేశపు సంగతి. ఇరువదవ శతాబ్దము తొలినాళ్లలో మదరాసు విశ్వవిద్యాలయమువారు ఇంటర్మీడియేటు పరీక్షకు దేశభాషలో వ్యాసరచనను చేర్చగా, తెలుగువారిలో ఒక పెద్ద ప్రశ్న పుట్టెను. దిద్దుటకు ముందు తప్పేదో తెలియవలెను గదా! ఏ తెలుగున వ్రాసిన తప్పు, ఏ తెలుగున వ్రాసిన ఒప్పు? పూర్వకవుల వ్యాకరణమునకు లోబడినదే వ్రాతభాష యని జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు వాదించిరి. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసెను. శిష్టులు మాటలాడు భాషలో వ్రాయుట తప్పు కాదని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1913లో నొక విజ్ఞాపనగ్రంథము ప్రకటించిరి. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమువారికి తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. ఆనాటికి గ్రాంథికపక్షమే గెలిచెను. నేడు మన కళాశాలలలో విద్యార్థులు వ్యావహారికముననే వ్రాయుచున్నారు. నాడు ఎఱ్ఱసిరాకు పాత్రమైన పలుకుబడియే నేడు ఒప్పైనది. ఆ నడుమ ఎందఱు బిడ్డలు తల్లి నేర్పిన మాట వ్రాసి మార్కులు పోగొట్టుకొనిరో! ఈ వ్యాసమును మేము గ్రాంథికముననే వ్రాయుచున్నాము. అది మా యలవాటు. మా యలవాటు ఇతరులకు శాసనము కారాదని మాత్రము ఈ చరిత్రమువలన నేర్చితిమి.

అప్పారావుగారు దిద్దుబాటునకు విరోధులు కారని మఱువరాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కమును వారు 1909 నాటికి దాదాపు క్రొత్త నాటక మనునట్లు తిరిగి వ్రాసిరి. అచ్చయినది గదా, మెప్పు వచ్చినది గదా యని యూరకుండలేదు. పరీక్షాధికారి యడిగిన దిద్దుబాటును కాదనిన వారే, కళ యడిగిన దిద్దుబాటునకు పండ్రెండేండ్ల కాలము నొప్పగించిరి. ఈ రెంటికి గల భేదమే మేము చెప్పదలచిన సర్వమును.

ఈ భేదము నేడు మఱింత యవసరమైనది. కృత్రిమమేధ గల యంత్రములు క్షణములో వర్ణదోషము లేని వ్యాసమును వ్రాసి యిచ్చుచున్నవి. లేని గ్రంథమును ఉన్నట్లు ఆధారముగా చూపుటయు వానికి కలదు. హిల్లుగారి నాలుగు గీటురాళ్లమీద పెట్టి చూచిన ఆ యంత్రము ఉత్తీర్ణమగును. 1888 నాటి డుబాయిస్ తప్పును. కంటి కగపడు మూడవ పనినే విద్య యనుకొన్నంత కాలము ఈ చిక్కు తీఱదు. యంత్రమునకు గాయము లేదు. ఎవరికిని చెప్పితీఱవలసిన మాటయు లేదు. మన బిడ్డలకు కలదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. బిడ్డ వ్యాసము తెచ్చినప్పుడు కలము తీయకుడు. నీవేమి చెప్పదలచితివి నాయనా యని, అమ్మా యని, మొదట అడుగుడు. నోటితో చెప్పిన మాటకును కాగితముమీది మాటకును దూరమెంతో బిడ్డయే కనుగొనును. దిద్దుబాటు అచటనే మొదలగును. బిగ్గరగా చదివింపుడు, తడబడినచోట వాక్యము తిరిగి వ్రాయవలసినదని నాలుకయే చెప్పును. ఒక రాత్రి గడువనిండు. ఉదయమున ఆ వ్యాసము అన్యుడు వ్రాసిన దానివలె కనబడును. ఈ మాట నీకెవరు చెప్పిరని యడుగుడు. పుస్తకమైన పుస్తకము పేరు, నాయనమ్మయైన నాయనమ్మ పేరు వ్రాయింపుడు. ఇవన్నియు నైన పిదప కొమ్ములను, దీర్ఘములను దిద్దుడు, అవియు ముఖ్యమే. తన మాట నిజమని నమ్మిన బిడ్డ దానిని చక్కగా వ్రాయుటకు తానే శ్రమపడును. ఆ నమ్మకమును ఎఱ్ఱసిరా తుడిచివేయకుండ చూచుట మన పని.